బాకా ఊదేవాడు అలసిపోతే

మన ఆరోగ్యము



ఈ నెల మన శీర్షికకు ఒక సహోదరి ఉత్తరము వ్రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు గనుక వేయడము లేదు. ఆమె భర్త చనిపోయి పదకొండేళ్ళు అయినది. ఆయన ద్వారా ఆమెకు హెచ్.ఐ.వి. సోకింది. తొమ్మిదేళ్ళుగా ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రములో ఇచ్చే మాత్రలు ఒక్క రోజు కూడా మానకుండా వేసుకుంటున్నారు. కూలిపనికి వెళతారు, సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పుతారు. పోయిన వానాకాలములో వారి వీధిలో ఇంటింటికీ ఫ్లూ జ్వరము వచ్చింది. పట్నములో పనిచేసే కుమారుడు, "అమ్మా, ఈసారి వానలు పడకముందే నీకు ఫ్లూ టీకా వేయిస్తాను" అన్నాడట. ఈ మాట తెలిసి చుట్టాలలో ఒకరు, "నీ ఒంట్లో శక్తి ఎక్కడుంది, నీకు టీకా వేసినా పట్టదు, డబ్బు దండుగ" అన్నారు. ఇంకొకరు, "టీకా వేస్తే ఒంట్లో అణిగి ఉన్న వైరస్ లేస్తుంది, జాగ్రత్త" అన్నారు. ఏది నిజమో చెప్పండి అయ్యా అని ఆ తల్లి అడుగుతున్నారు.

ఆ ఇద్దరి మాటలలోనూ పిసరంత నిజము ఉన్నది. అదే చిక్కు. పూర్తిగా అబద్ధమైతే ఒక్క మాటతో త్రోసివేయవచ్చు. పిసరంత నిజమున్న మాటను విడదీసి చూపాలంటే కొంచెము ఓపిక కావాలి. ఓపికగా చదవండి.

ముందు ఫ్లూ సంగతి. మనవాళ్ళు ప్రతి జలుబునూ ఫ్లూ అనేస్తారు. ముక్కు కారి, నాలుగు తుమ్ములు వచ్చి, మిరియాల పాలు తాగితే సర్దుకునేది పడిశము. ఫ్లూ వేరు. ప్రొద్దున నవ్వుతూ పొలానికి వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి వణుకుతూ వచ్చి మంచమెక్కుతాడు. ఒళ్ళంతా రోకలితో దంచినట్లు నొప్పులు, తలనొప్పి, పొడి దగ్గు. చాలామందికి వారములో తగ్గిపోతుంది. కొందరికి మాత్రము ఊపిరితిత్తులలోకి దిగి న్యుమోనియా అవుతుంది. వృద్ధులు, గర్భిణులు, చంటిబిడ్డలు, షుగరు, ఉబ్బసము, గుండెజబ్బు ఉన్నవారు ఈ కొందరిలో ఎక్కువ. హెచ్.ఐ.వి. ఉన్నవారు కూడా. దక్షిణాఫ్రికాలో 2009 నుండి 2011 వరకు ఆసుపత్రులలో లెక్క తీస్తే, ఫ్లూ ముదిరి ఆసుపత్రిలో చేరవలసి రావడము హెచ్.ఐ.వి. ఉన్నవారిలో మిగతావారికంటే 4 నుండి 8 రెట్లు ఎక్కువగా కనబడింది. అలా చేరినవారిలో చనిపోయే ప్రమాదము కూడా సుమారు 4 రెట్లు. ఇది దూరదేశపు సంగతి అని ఊరుకోవడానికి లేదు. 2009 మే నెలలో మన దేశములో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడినది హైదరాబాదులోనే. 2015 మొదటి నెలలలో తెలంగాణ మళ్ళీ దాని దెబ్బ తిన్నది. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు, ఏటా తిరిగే మామూలు ఫ్లూ రకాలలో ఒకటై మన మధ్యనే ఉన్నది.

ఇప్పుడు టీకా మన దేహములో ఏమి చేస్తుందో చూద్దాము. దీనికి నెహెమ్యా గ్రంథము నాకు బాగా అక్కరకు వస్తుంది. యెరూషలేము గోడ కడుతున్న దినములు గుర్తుచేసుకోండి. పనివారు ఒక చేత పని, ఒక చేత ఆయుధము పట్టుకున్నారు. గోడ పొడవైనది, మనుషులు ఒకరికొకరు దూరముగా ఉన్నారు. శత్రువు ఏ ప్రక్కన వస్తాడో తెలియదు. అందుకని నెహెమ్యా బాకా ఊదేవాణ్ణి తన ప్రక్కనే ఉంచుకున్నాడు. బాకా ఎక్కడ మ్రోగితే అందరూ అక్కడికి కూడుకోవాలి. ఆ బాకా ఊదేవాడు స్వయముగా ఎన్ని కత్తులు దూశాడో మనకు తెలియదు. అతడు ఊదకపోతే మాత్రము కత్తులు పట్టినవారు ఎవరికివారే నిలబడి ఉండేవారు.

మన రక్తములో అటువంటి బాకా ఊదేవారు ఉన్నారు. డాక్టర్లు వారిని సి.డి.4 కణములు అంటారు. ఏ.ఆర్.టి. కేంద్రానికి వెళ్ళేవారికి ఈ మాట కొత్త కాదు, కార్డు మీద ఆ అంకె వ్రాస్తారు. ఇవి తెల్ల రక్తకణములలో ఒక రకము.

భుజానికి ఫ్లూ టీకా వేస్తారు. సూదిలో ఉండేది చంపబడిన వైరస్ ముక్కలు. అవి జ్వరము తెప్పించలేవు. ఆ ముక్కలను కొన్ని కణములు మోసుకొని చంకలో ఉన్న బిళ్ళ దగ్గరకు పోతాయి. కాలికి పుండు పడితే గజ్జలో బిళ్ళ కట్టిందంటాము గదా, అటువంటి బిళ్ళలు చంకలో, మెడలో, పొట్టలో కూడా ఉంటాయి. అవే మన సైన్యపు దండులు. అక్కడ సి.డి.4 కణము ఆ వైరస్ ముక్కను చూచి గుర్తుపట్టి, బి కణములు అనేవాటికి బాకా ఊదుతుంది. ఇదిగో శత్రువు ముఖము ఇట్లా ఉంటుంది, దీనికి సరిపోయే ఆయుధములు చేయండి అన్నట్లుగా. బి కణములు ఆ పిలుపు మీద పెరిగి, యాంటీబాడీలు అనే ఆయుధములను లక్షలుగా తయారుచేస్తాయి. కొన్ని బి కణములు ఆ శత్రువు ముఖమును జ్ఞాపకము ఉంచుకొని నెలల తరబడి, ఏళ్ళ తరబడి కాపు కాస్తాయి. ఇదంతా జరగడానికి రెండు వారములు పడుతుంది. ఈ ఉదయము టీకా వేయించుకొని సాయంత్రము జ్వరముతో ఉన్న మనుమడిని ఒళ్ళో పెట్టుకుంటే టీకా ఆదుకోదు.

హెచ్.ఐ.వి. చేసే ద్రోహము ఇక్కడే ఉన్నది. మిగతా వైరస్‌లు ముక్కునో, పేగునో, కాలేయమునో పట్టుకుంటాయి. ఇది నేరుగా బాకా ఊదేవాణ్ణే పట్టుకుంటుంది. సి.డి.4 కణములోనికి చొరబడి, దాని లోపలనే తన పిల్లలను పెంచుకొని, దానిని చంపుతుంది. చంపకుండా వదిలినవి కూడా సరిగా ఊదలేవు. చంకలోని బిళ్ళలో బి కణముల ప్రక్కనే ఉండి సహాయము చేసే ప్రత్యేకమైన సి.డి.4 కణములు కొన్ని ఉన్నాయి. హెచ్.ఐ.వి.కి అవి ఇష్టమైన దాపు. మందులు వాడుతున్నవారిలో కూడా కొంత వైరస్ అక్కడ నిద్రపోతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇంట్లో శత్రువు ఉన్నందువలన బి కణములు కూడా అలసిపోతాయి. రాత్రింబగళ్ళు బాకా మ్రోగుతూ ఉంటే సైనికులకు నిజమైన పిలుపు ఏదో, వట్టి గోల ఏదో తెలియకుండా పోతుంది చూడండి, అట్లాగే. పాత జ్ఞాపకమును మోసే బి కణములు తగ్గిపోతాయి. కాబట్టి హెచ్.ఐ.వి. ఉన్నవారికి టీకా వేస్తే సాధారణముగా యాంటీబాడీలు తక్కువగా పుడతాయి, పుట్టినవి కూడా త్వరగా తగ్గిపోతాయి. చుట్టాలు చెప్పినదానిలో నిజము ఇంతవరకే.

ఎంత తక్కువ అనేది ఎవరి సి.డి.4 అంకె ఎంత, వారు మందులు వాడుతున్నారా లేదా అన్నదానిని బట్టి ఉంటుంది. అంకె 200కు లోపల ఉండి, మందులు మొదలుపెట్టనివారిలో స్పందన బలహీనము, కొందరిలో దాదాపు లేనట్లే. మందులు వాడి, రక్తములో వైరస్ కనబడనంతగా అణిగి, అంకె బాగా పైకి వచ్చినవారిలో స్పందన మామూలు మనుషులకు దగ్గరగా వస్తుంది. పూర్తిగా సమానము కాకపోవచ్చు.

దీనిని కొలిచే పద్ధతి ఒకటి చెప్పాలని నాకు ఆశగా ఉన్నది, ఎందుకంటే అది చాలా ముచ్చటైనది. ఫ్లూ వైరస్‌ను కోడి రక్తములో కలిపితే ఎర్రకణములు ఒకదానికొకటి అంటుకుంటాయని 1941లో జార్జ్ హర్స్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త కనిపెట్టాడు. టీకా వేయించుకున్న మనిషి రక్తము గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు తీసి అందులో కలిపితే, యాంటీబాడీలు ఉన్నట్లయితే అవి వైరస్‌ను పట్టుకుంటాయి, కణములు అంటుకోవు. ఇక ఆ పసుపు నీటిని పలుచన చేస్తూ పోతారు. పది రెట్లు, ఇరవై రెట్లు, నలభై రెట్లు. నలభై రెట్లు పలుచన చేసినా ఇంకా అడ్డుకోగలిగితే ఆ మనిషికి తగినంత కాపుదల ఉన్నట్లు లెక్క. ఆ మట్టమునకు చేరినవారిలో ఫ్లూ వచ్చే అవకాశము సుమారు సగానికి తగ్గుతుందని ఆరోగ్యవంతుల మీద చేసిన పాత పరిశోధనలు చూపాయి. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ఈ నలభై మట్టమును చేరేవారు తక్కువ అని అనేక దేశములలో తేలింది.

మరి అంతటితో చుట్టాల మాటే గెలిచిందా? లేదు. మనకు కావలసినది పసుపు నీటి లెక్క ఒక్కటే కాదు గదా. మనిషి మంచమెక్కాడా లేదా అన్నది అసలు లెక్క. ఆ లెక్కను సూటిగా తీసినది దక్షిణాఫ్రికా. ప్రపంచములో హెచ్.ఐ.వి. ఉన్నవారు అందరికంటే ఎక్కువగా ఉన్న దేశము అది, గనుక ఈ ప్రశ్న అక్కడ ప్రాణములతో ముడిపడినది. 2008లో జోహన్నెస్‌బర్గులో డాక్టర్ షబీర్ మధి బృందము హెచ్.ఐ.వి. ఉన్న 506 మంది పెద్దవారిని తీసుకొని, కొందరికి ఫ్లూ టీకా, కొందరికి మందు లేని సూది వేసింది. ఎవరికి ఏది వేశారో వేసినవారికీ తెలియదు, వేయించుకున్నవారికీ తెలియదు. చలికాలము గడిచాక చూస్తే, పరీక్షలో రుజువైన ఫ్లూ టీకా వేసినవారిలో నాలుగింట మూడు వంతులు తగ్గింది. ఫలితము 2011లో ప్రచురించారు. జబ్బుపడినవారి సంఖ్య చిన్నది గనుక ఆ మూడు వంతులను తూకపు రాయిలా పట్టుకోకూడదు. మేలు ఉన్నదనేది మాత్రము తేలింది.

ఆ బృందమే తరువాత సొవెటోలో గర్భిణుల మీద పరిశోధన చేసింది. 2014లో వచ్చిన ఆ ఫలితములలో హెచ్.ఐ.వి. ఉన్న 194 మంది తల్లులు ఉన్నారు. వారిలో యాంటీబాడీలు పుట్టడము హెచ్.ఐ.వి. లేని తల్లులకంటే తక్కువే. అయినా మందు లేని సూది వేయించుకున్నవారిలో నూటికి 17 మందికి ఫ్లూ వస్తే, టీకా వేయించుకున్నవారిలో నూటికి 7 మందికే వచ్చింది. బాకా గొంతు సన్నగా ఉన్నా, విన్నవారు కొందరు పరుగెత్తి వచ్చారన్నమాట. నాకు ఈ రెండు అంకెలే అన్నిటికంటే ఎక్కువ ధైర్యము ఇస్తాయి.

చేదు కూడా చెప్పాలి. అదే దేశములో 2009లో హెచ్.ఐ.వి. ఉన్న అయిదేళ్ళ లోపు పిల్లలు 410 మందికి ఇట్లాగే చేసినప్పుడు టీకా వలన చెప్పుకోదగిన మేలు కనబడలేదు. ఆ సంవత్సరము తిరిగిన ఫ్లూ రకము టీకాలోని రకముతో సరిగా సరిపోకపోవడము కూడా ఒక కారణము. పిల్లలకు టీకా వద్దని దీని అర్థము కాదు. టీకా వేశాము గదా అని దగ్గుతున్న బిడ్డను అశ్రద్ధ చేయవద్దని అర్థము.

ఇక రెండవ చుట్టము చెప్పిన మాట, టీకా వేస్తే అణిగిన వైరస్ లేస్తుందని. ఇది ఎక్కడినుండి వచ్చిందో చెబుతాను. 1995లో అమెరికాలో కొందరు పరిశోధకులు హెచ్.ఐ.వి. ఉన్నవారికి ఫ్లూ టీకా వేసి రక్తపరీక్షలు చేస్తే, కొందరిలో హెచ్.ఐ.వి. లెక్క కొన్ని వారముల పాటు పెరిగి మళ్ళీ దిగిపోవడము కనబడింది. కారణము మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. టీకా బాకా ఊదేవారిని మేల్కొలుపుతుంది, మేలుకున్న సి.డి.4 కణములోనే హెచ్.ఐ.వి. బాగా పెరుగుతుంది. అయితే అది మూడు మందుల చికిత్స రాకముందు మాట. ఇప్పుడు మాత్రలు సరిగా వాడేవారిలో అటువంటి పెరుగుదల కనబడినా అతి స్వల్పము, తాత్కాలికము. దానివలన జబ్బు ముదరదు. పైగా అసలైన ఫ్లూ జ్వరము వస్తే అది కూడా అవే కణములను మేల్కొలుపుతుంది గదా! ఆ రెంటిలో ఏది కోరుకోవాలో చెప్పనక్కరలేదు.

కాబట్టి అమ్మా, మీ కుమారుడు చెప్పిన మాట మంచిది. వేయించుకోండి. మీరు తొమ్మిదేళ్ళు మాత్రలు మానలేదన్నారు చూడండి, టీకా మీకు పట్టడానికి ఉన్న అన్ని కారణములలో అదే పెద్దది.

ఇక్కడ ఒక మాట కఠినముగా చెప్పవలసి వస్తున్నది. స్వస్థత కూటములలో ప్రార్థన చేయించుకొని, నాకు బాగైపోయిందని మాత్రలు ఆపివేసినవారి సంగతులు మన సంఘములలో వినబడుతూనే ఉన్నాయి. దేవుడు స్వస్థపరచగలడని నమ్మేవారిలో నేనూ ఒకడిని. హిజ్కియా రాజు మరణకరమైన రోగములో కన్నీళ్ళతో ప్రార్థిస్తే దేవుడు ఆలకించాడు. ఆ తరువాతనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన విన్న దేవుడు ఆ ముద్దను అవమానముగా తలచలేదు. 33 దేశములలో 5,472 మందితో జరిగిన ఒక పెద్ద పరిశోధన 2006లో ఫలితము చెప్పింది: సి.డి.4 అంకె బాగున్నదని మందులు మధ్యమధ్యలో ఆపినవారిలో, ఆపకుండా వాడినవారిలోకంటే జబ్బులు, మరణములు ఎక్కువ. మందు ఆపిన కొన్ని వారములకే వైరస్ తిరిగి వస్తుంది. మొదట అది పట్టుకునేది మళ్ళీ ఆ బాకా ఊదేవాణ్ణే. మాత్రలు ఆపమని చెప్పే బోధకుడు ఎవరైనా సరే, ఆ మాట మీరు వినవలసిన అవసరము లేదు.

మన దేశములో ఈ మందులు దొరకని కాలము ఒకటి ఉండేది. 1986లో మద్రాసునుండి వచ్చిన రక్తపు నమూనాలలో హెచ్.ఐ.వి.ని మొట్టమొదట గుర్తించిన చోట్లలో మన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఉన్నది. అప్పటినుండి 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వము ఉచితముగా మందులు ఇవ్వడము మొదలుపెట్టేవరకు బీదవారికి దాదాపు దారి లేదు. ఆ 18 ఏళ్ళలో మన పల్లెలలో ఎన్ని సమాధులు లేచాయో పెద్దవారికి తెలుసు. 2017 నుండి సి.డి.4 అంకెతో పని లేకుండా, హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసిన ప్రతివారికీ మందులు మొదలుపెడుతున్నారు. 2021 అంచనాల ప్రకారము దేశములో హెచ్.ఐ.వి. ఉన్నవారు సుమారు 24 లక్షల మంది, వారిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 3 లక్షల పైచిలుకు. అంటే మన ఆరాధనలో మన ప్రక్కన కూర్చున్నవారిలో వారు ఉన్నారు.

టీకా ఎప్పుడు, ఎట్లా అని అడిగేవారికి. మన ప్రాంతములో ఫ్లూ వానాకాలములో ఎక్కువ, చలికాలపు చివర మరొకసారి తల ఎత్తుతుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలలలో వేయించుకోవడము మంచిది. ఆలస్యమైతే మానవద్దు. ఫ్లూ వైరస్ ఏటా వేషము మారుస్తుంది, యాంటీబాడీలు కూడా అరిగిపోతాయి, గనుక ఏటా వేయించుకోవాలి. ప్రభుత్వము పిల్లలకు ఉచితముగా వేసే టీకాల పట్టికలో ఇది లేదు. ప్రైవేటులో వెయ్యి రూపాయలకు పైమాటే. కూలి కుటుంబానికి అది చిన్న మొత్తము కాదు. పండుగ బట్టలకు ఖర్చుపెట్టే పిల్లలు ఒక ఏడాది ఈ విధముగా ఖర్చుపెట్టవచ్చని నా అభిప్రాయము.

సూది టీకా మాత్రమే వేయించుకోండి. ముక్కులో కొట్టే స్ప్రే టీకా కూడా ఒకటి ఉన్నది. అందులో బలహీనపరచిన బ్రతికి ఉన్న వైరస్ ఉంటుంది గనుక హెచ్.ఐ.వి. ఉన్నవారికి అది వద్దు. అంకె 200కు లోపల ఉన్నవారు కూడా సూది వేయించుకోవచ్చు, హాని లేదు, మేలు తక్కువగా ఉండవచ్చు. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలకు మొదటిసారి వేసేటప్పుడు నాలుగు వారముల ఎడముతో రెండు డోసులు కావాలి. ఆరు నెలలలోపు బిడ్డలకు వేయరు. బలహీనులకు టీకా పట్టేటట్లు చేయడానికి శాస్త్రవేత్తలు వేరే దారులు కూడా చూశారు. మామూలు మోతాదుకు నాలుగు రెట్లు ఉన్న టీకాను అమెరికాలో హెచ్.ఐ.వి. ఉన్న 195 మంది మీద పరీక్షిస్తే, మామూలు టీకా వేసినవారిలోకంటే ఎక్కువమంది ఆ నలభై మట్టమును చేరారని 2013లో తెలిపారు. అది మన పల్లెలకు అందే వస్తువు కాదు. మామూలు సూదినే వానలకు ముందు వేయించుకుంటే మనకు చాలు.

మరొక సంగతి చాలామందికి తట్టదు. టీకా సరిగా పట్టని మనిషిని కాపాడే దారి ఇంట్లో మిగతావారికి టీకా వేయడము. వారికి బాగా పడుతుంది. వారు జ్వరము ఇంటికి మోసుకొని రారు. కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొని వచ్చి కప్పు విప్పి దింపారు గదా. మోయబడినవాడు తనంతట తాను రాలేడు. కాబట్టి ఆ కుమారునికి నా మనవి: బాబూ, అమ్మకు ఒక్కదానికే కాదు, వీలైతే నీవు కూడా వేయించుకో. జ్వరము, దగ్గు ఉన్నప్పుడు సెలవు దొరికిందని ఊరికి వచ్చి అమ్మ ప్రక్కన పడుకోకు.

ఆ సహోదరి ఉత్తరము చివర సిగ్గుతో ఇంకొక ప్రశ్న వ్రాశారు. టీకా వేసే చోట తన జబ్బు సంగతి అందరిలో చెప్పవలసి వస్తుందా అని. అక్కరలేదమ్మా. సూది అందరికీ ఒకటే. డాక్టరు గారికి మాత్రము విడిగా చెప్పండి. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి. చట్టము 2018 సెప్టెంబరు 10నుండి అమలులో ఉన్నది. మీ అనుమతి లేకుండా మీ హెచ్.ఐ.వి. సంగతి బయటపెట్టడము ఆ చట్టము ప్రకారము తప్పు. ఉద్యోగములో, బడిలో, ఆసుపత్రిలో వివక్ష చూపడము కూడా తప్పే. సంఘ పెద్దలు, స్త్రీల సమాజపు తల్లులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. కుటుంబ ప్రార్థనలో, "ఫలానా సహోదరికి ఉన్న ఫలానా జబ్బు కొరకు ప్రార్థించండి" అని మంచి మనసుతోనే పేరు చెప్పేస్తాము. మరుసటి రోజు ఆమెను కూలికి పిలిచేవారు ఉండరు. దేవునికి ఆ పేరు ముందే తెలుసు.

టీకా వేయించుకున్నా, వేయించుకోకపోయినా, హెచ్.ఐ.వి. ఉన్నవారికి జ్వరము, దగ్గు, ఆయాసము వస్తే ఆర్.ఎం.పి. దగ్గర రెండు సూదులు వేయించుకొని ఊరుకోవద్దు. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉన్నది. జ్వరము మొదలైన రెండు రోజులలోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, మీ ఏ.ఆర్.టి. మాత్రలకు అడ్డు రాదు. దగ్గు ఎన్ని రోజులైనా సరే, కళ్ళె పరీక్ష చేయించి క్షయ లేదని తేల్చుకోండి. జ్వరములో కడుపు మంట అని గ్యాసు మందు, నీరసమని ఐరన్ మాత్రలు, కాల్షియము మాత్రలు చాలామంది వేసుకుంటారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చే ఏ.ఆర్.టి. మాత్రలో డొల్యుటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. గ్యాసు మందులలో చాలావాటిలో ఉండే అల్యూమినియము, మెగ్నీషియము, అలాగే ఐరన్, కాల్షియము, దానిని ఒంటికి పట్టనివ్వవు. కాబట్టి ఏ.ఆర్.టి. మాత్ర వేసుకున్న రెండు గంటల తరువాత, లేదా వేసుకోవడానికి ఆరు గంటల ముందు మాత్రమే అవి వేసుకోండి. రాత్రి పడుకునేముందు ఏ.ఆర్.టి. మాత్ర వేసుకునే అలవాటున్నవారు ఇవన్నీ ప్రొద్దున టిఫిను వేళకు పెట్టుకుంటే ఏ చిక్కూ ఉండదు.